అద్దాల సంచి ఖరీదు

సంచికి తెలుగులో ఉన్న పేర్లు లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. భిక్షకు వెళ్ళేవారి భుజాన వేలాడేది జోలె. ఆకూ వక్కా పెట్టుకునేది వల్లువం. ధాన్యం నింపేది గోనె. రాజుల కాలంలో తాంబూలపు సంచిని అడపం అనేవారు. దానిని పట్టుకుని ప్రభువు పక్కన నిలబడే స్త్రీకి అడపకత్తె అని ఉద్యోగపు పేరే ఏర్పడింది. మంగలివారి పొది కూడా అడపమే. తాళ్ళతో వల మాదిరి అల్లినది చిక్కం; అందులో ఉండేది మాత్రం సరుకు కాదు, ఎద్దు మూతి! ఇన్ని మాటల్లో ఒక్కటైనా సంచి అందాన్నిబట్టి వచ్చినట్లు తోచదు. అది ఎందుకు పనికి వస్తుందో దాన్నిబట్టి పేరు.

ఇతర దేశాల సంచులూ ఇంతే. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా కొండల మీది జనం కోకా ఆకు నములుతారు. ఆ ఆకు పెట్టుకోవడానికి మగ్గం మీద నేసిన చిన్న సంచి పేరు చుస్పా. మన అడపానికి తోబుట్టువు అన్నమాట. న్యూగినీ ద్వీపంలో స్త్రీలు చెట్టు నారను తొడమీద పేని, ముడి వేయకుండా ఉచ్చులో ఉచ్చు దూర్చుకుంటూ బిలుం అనే సంచి అల్లుతారు. దాని పట్టీ నుదుటికి తగిలించి, సంచిని వీపుమీదికి వదులుతారు. గడ్డలూ, కట్టెలూ, పసిబిడ్డా అన్నీ అందులోనే. అక్కడి వాడుక భాషలో బిలుం అంటే సంచి అనీ, గర్భాశయం అనీ రెండర్థాలు. కొలంబియా, వెనెజ్వేలా దేశాల సరిహద్దు ఎండభూముల్లో ఉండే వాయూ జాతి స్త్రీలు రంగు నూలుతో క్రోషా సంచులు అల్లుతారు. ఆ విద్య తమకు వాలెకెరు అనే సాలీడు నేర్పిందని వారి కథ. మన ఇళ్ళలో ఒకప్పుడు వేసవి సెలవుల్లో ప్లాస్టిక్ వైరుతో బుట్టలల్లిన అక్కయ్యలకు ఈ మాట చెబితే నవ్వుతారు. వారికి నేర్పింది సాలీడు కాదు, పక్కింటి పిన్నిగారు.

అంత దూరం పోనక్కరలేదు. మా వికారాబాదు జిల్లాలో, పరిగికి అవతల దోమ మండలంలో లంబాడీ తండాలున్నాయి. చేతికుట్టు సంచి అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

లంబాడీల చరిత్రే ఒక సంచి చరిత్ర. ఎడ్ల వీపుమీద గోనెలు వేసి, ధాన్యమూ ఉప్పూ దేశం ఈ చివరనుంచి ఆ చివరకు చేరవేసినవారు వారు. మొగలు సైన్యాలూ, దక్కను సైన్యాలూ వారు తెచ్చిన గింజలు తినే యుద్ధాలు చేశాయి. పీటర్ ముండీ అనే ఆంగ్లేయుడు 1632లో దారిలో ఎదురైన ఒకే ఒక బిడారులో 14,000 ఎడ్లున్నాయని రాశాడు. ఆ కదిలే ఊరికే తండా అని పేరు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. మా తాండూరూ, వికారాబాదూ ఆ దారిలోనివే. పొగబండితో ఎద్దు ఏం పోటీపడుతుంది? గోనె దిగింది, తండా ఒకచోట నిలిచింది. కానీ ఆడవారి సూది మాత్రం ఆగలేదు.

ఎప్పుడూ నడిచేవారికి ఇల్లు అలంకరించుకునే వీలెక్కడ? అలంకారమంతా ఒంటిమీదా, సంచిమీదా ఉండాలి. అందుకే వారి పావడా ఫేటియా, రవిక కాంచళి, డబ్బులసంచి, నీళ్ళకుండ కింద పెట్టే చుట్టకుదురు, అన్నీ గవ్వలతో, పూసలతో, అద్దాలతో నిండిపోయాయి. వారి కుట్లకు ఒక్కొక్కదానికీ పేరున్నది: కీలన్, వేలె, బక్యా, మాకీ, సూర్యకాంతి మాకీ. వారి భాషకు సొంత లిపి లేదు. ఈ పేర్లన్నీ తల్లి నోటినుంచి కూతురి చేతికి వచ్చినవే.

అద్దం కుట్టడం చూశారా? అద్దానికి రంధ్రం ఉండదు, సూది దాన్ని పొడవలేదు. మొదట అద్దం మీదుగా రెండు దారాలు నిలువునా, రెండు అడ్డంగా బిగువుగా లాగుతారు. నడుమ చదరపు కిటికీ ఏర్పడుతుంది. తరువాత సూదిని ఆ దారాల కిందినుంచి దూర్చి, ఉచ్చులోనుంచి లాగి, అంచున బట్టను పొడిచి, మళ్ళీ దారాల కిందికి తెస్తారు. ఇలా చుట్టూ తిరిగేసరికి నాలుగు దారాలూ అంచులకు జరిగి, చదరం కాస్తా గుండ్రనవుతుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం నెలరోజుల్లో జారిపోతుంది. అదీ రహస్యం.

ఈ సంగతి నాకు చూపించినది మా విద్యార్థి ఒకడి నాయనమ్మ. తండాలో అందరూ ఆమెను యాడీ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆమె ఒళ్ళో జానెడు సంచి ఉన్నది.

“ఇది ఎన్ని గంటల పని యాడీ?” అన్నాను.

“గంటలెవరు లెక్కవెట్టిండ్రు సారూ? చేను కాడి నుంచి వచ్చి కుట్టుడే. పొద్దు గూకితే కన్ను ఆనదు” అన్నది.

మనవడు లెక్కవేశాడు. రోజుకు మూడు గంటల చొప్పున 12 రోజులు, మొత్తం 36 గంటలు. బట్టకూ, దారానికీ, అద్దాలకూ 90 రూపాయలైంది. ఒక బేరగాడు వచ్చి 400 ఇస్తానన్నాడట. సామాను ఖర్చు పోను 310 మిగులుతుంది. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి ఒక్కరోజు కూలి 300 రూపాయలు. పన్నెండు రోజులు సూది పట్టినదానికి, ఒక్కరోజు మట్టి తవ్వినదానికి తేడా పది రూపాయలు!

అదే బేరగాడు ఆమె అత్తగారి పాత ఫేటియాకు మాత్రం ఎక్కువే ఇస్తానన్నాడు. ఎందుకంటే దాన్ని చదరాలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ మిషను సంచికి అతికిస్తే పట్నంలో పాతపనితనం పేరున చెల్లుతుంది. ఇందులో నాకు బాధ కలిగించేది పాతబట్ట పోవడం కాదు, బట్ట ఎప్పటికైనా చిరిగేదే. పాత ముక్కకు ధర ఉండి బతికున్న చేతికి లేకపోతే, మనవరాలు సూది ఎందుకు పడుతుంది?

“ఆడవారు తీరిక వేళ చేసుకునే పనే కదా” అని మనలో చాలామంది అంటాం. ఈ మాట ఎంత ఖరీదైనదో నర్సాపురంలో తేలింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు నేర్పిన క్రోషా లేసు విదేశాలకు ఎగుమతి అయ్యే పరిశ్రమగా ఎదిగింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు దానిమీద 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజంతా లేసు అల్లే స్త్రీలను కార్మికులు అనక గృహిణులు అన్నందువల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అల్లే చేతికి ఏమి వచ్చిందన్నది వేరే లెక్క.

సరిగా నడిచిన చోటు లేకపోలేదు. బళ్ళారి జిల్లా సండూరులో కుశల కళా కేంద్రం లంబాణీ స్త్రీలచేత పాతవి కోయించకుండా కొత్తవే కుట్టిస్తున్నది. 2023 జూలైలో హంపీలో జీ-20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులు ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. దోమ తండాల్లో అటువంటి కేంద్రం ఒకటి ఉంటే బాగుండునని నా ఆశ. మా యాడీ ఆ సంచిని బేరగాడికి ఇవ్వలేదు. మా సహోద్యోగిని ఒకావిడ కూలి లెక్కగట్టి కొన్నది. మరో రెండింటికి బయానా కూడా ఇచ్చింది. ఇప్పుడు మనవరాలు దారాలు ఎక్కించి ఇస్తున్నదట.

మీరు అద్దాల సంచి కొనేటప్పుడు బేరమాడేముందు దాన్ని ఒకసారి లోపలివైపుకు తిప్పి చూడండి. లోపల అస్తరు వేసి ఉంటే అతుకు దగ్గర వేలితో తడమండి. పాత పావడా నుంచి కోసిన ముక్క అయితే కుట్టు అంచుదగ్గర సగానికి తెగి ఉంటుంది. ఆ సంచికోసమే కుట్టినదైతే దారం అంచు వెంట తిరిగి వచ్చి, మూలన ముడిపడి ఉంటుంది.