మెడలో వేసుకునే కీబోర్డు: చెక్కతో కీటార్ ఎలా చేశానంటే..

స్టేజీ మీద గిటారిస్టు ఎటు కావాలంటే అటు తిరుగుతాడు. కీబోర్డు ప్లేయర్ మాత్రం స్టాండు వెనక క్యాషియర్‌లా నిలబడాల్సిందే. మన్సూరాబాద్‌లో మా కాలనీ కుర్రాళ్ల బ్యాండులో ఆ క్యాషియర్‌ని నేనే. వారమంతా కోడింగ్, వీకెండ్‌లో రిహార్సల్. పోయినేడు వినాయక చవితి ప్రోగ్రామ్‌కి ఎలాగైనా ఆ స్టాండు వదిలించుకోవాలని చెక్కతో సొంత కీటార్ చేసుకున్నా. అందులో రెండు తప్పులు చేశా. ఒకటి చెక్కలో, ఇంకోటి వైరులో. మీరూ చేయాలనుకుంటే ఆ రెండూ ముందే తెలుసుకోండి.

కీటార్ అంటే ఏంటి?

కీబోర్డు, గిటార్ కలిస్తే కీటార్. బెల్టుతో భుజానికి తగిలించుకుంటాం. కుడిచేయి కీల మీద, ఎడమచేయి నెక్ మీద ఉంటుంది. నెక్ మీద తీగలుండవు. నోట్‌ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్, మాడ్యులేషన్, సస్టెయిన్ లాంటి కంట్రోల్స్ ఉంటాయి.

ఐడియా కొత్తదేం కాదు. 1795లోనే వియన్నాలో కార్ల్ లియోపోల్డ్ రోలిగ్ 'ఓర్ఫికా' అనే చిన్న పియానో తెచ్చాడు. అదీ చెక్కదే, పట్టీతో మెడకు తగిలించుకుని వాయించొచ్చు. 1980లో మూగ్ లిబరేషన్ వచ్చింది, బరువు 6 కిలోల పైనే. 1987లో యమహా ఎస్‌హెచ్‌ఎస్-10 చిన్న కీలతో బరువు బాగా తగ్గించింది. 2018లో వచ్చిన రోలాండ్ ఏఎక్స్-ఎడ్జ్‌లో 49 కీలున్నాయి, బరువు మళ్లీ 4 కిలోలు దాటింది. అంటే ఈ గ్యాడ్జెట్‌కి మొదటి నుంచీ ఉన్న సమస్య ఒక్కటే: భుజం నొప్పి.

చెక్క సౌండ్ ఇవ్వదు, బరువిస్తుంది

బొబ్బిలి వీణని సంప్రదాయంగా ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. తీగ కంపనాన్ని పెద్దది చేసి వినిపించేది ఆ చెక్కే కాబట్టి, చెక్క మారితే నాదం మారుతుంది. కీటార్ సంగతి వేరు. కీ నొక్కితే బయటికెళ్లేది డేటా మాత్రమే. సౌండ్ పుట్టేది లాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో. టేకైనా, ప్లైవుడ్ అయినా వినబడేది ఒకటే.

ఇది తెలిసి కూడా నేను 'ప్రీమియం' పిచ్చిలో టేకు పలకలు అతికించి గట్టి బాడీ చేయించా. లెక్క ముందే వేసుకోవాల్సింది. టేకు ఒక ఘన సెంటీమీటరుకి దాదాపు 0.65 గ్రాములు తూగుతుంది. 60 × 20 × 5 సెం.మీ. బాడీ అంటే 6,000 ఘన సెంటీమీటర్లు, అంటే 3.9 కిలోలు. దానికి నెక్, కీలు కలిపితే 5 కిలోలు దాటింది. ఇరవై నిమిషాల ప్రాక్టీసుకే భుజం లాగేసింది.

మా కార్పెంటర్ అన్న దాన్ని చేత్తో ఎత్తి చూసి, "టేకు మంచిదే తమ్మీ, కానీ మోసేది నువ్వే గదా. లోపల బోలుగ చేద్దాం" అన్నాడు.

రెండో బాడీ పెట్టెలా కట్టాం. చుట్టూ 12 మి.మీ. మందం టేకు పట్టీలు, వెనక 4 మి.మీ. ప్లైవుడ్. పట్టీలు దాదాపు 0.6 కిలో, ప్లైవుడ్ దాదాపు 0.3 కిలో. కీలు గట్టిగా నొక్కితే పల్చటి ప్లైవుడ్ వంగుతుంది కాబట్టి కీల కింద రెండు అడ్డపట్టీలు వేశాం. అన్నీ బిగించాక మొత్తం 3 కిలోల లోపే వచ్చింది.

బరువుతో పాటు బ్యాలెన్స్ కూడా ముఖ్యం. బెల్టు తగిలించి రెండు చేతులూ వదిలేయండి. నెక్ కిందికి వాలితే వాయించినంతసేపూ ఎడమచేత్తో దాన్ని మోస్తూనే ఉండాలి. అందుకే బెల్టు హుక్కులు ముందు బిగింపులతో తాత్కాలికంగా పెట్టి, వాలకుండా నిలిచిన చోటే స్క్రూలు వేయండి.

లోపల ఏముంది?

బోర్డు పోయిన పాత 37 కీల కంట్రోలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. దాని కీలు మాత్రం తీసుకున్నా. వాటి వెడల్పు దాదాపు 52 సెం.మీ. వైర్లు, బటన్లు, కనెక్టర్ల కోసం ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లొచ్చా. బ్రెయిన్‌గా రాస్ప్‌బెర్రీ పై పికో పెట్టా.

ప్రతి కీ కింద రెండు స్విచ్‌లుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టిన టైమ్‌ని బట్టి ఎంత గట్టిగా కొట్టామో తెలుస్తుంది. టైమ్ తగ్గితే సౌండ్ పెరుగుతుంది. 37 కీలకి 74 స్విచ్‌లు. పికోలో వాడుకోడానికి ఉన్నవి 26 పిన్నులే. అందుకే స్విచ్‌లని అడ్డం, నిలువు గళ్లలా 8 × 10 మ్యాట్రిక్స్‌గా కలుపుతాం. అప్పుడు 18 పిన్నులు చాలు. ప్రతి స్విచ్‌కీ ఒక డయోడ్ ఉండాలి. లేకపోతే మూడు కీలు కలిపి నొక్కినప్పుడు, నొక్కని నాలుగోది కూడా మోగుతుంది.

ఇక్కడి నుంచి అంతా మిడి భాషే. 1983 నుంచి ఉన్న ఈ స్టాండర్డ్‌లో కీ నొక్కితే 'నోట్ ఆన్', వదిలితే 'నోట్ ఆఫ్' అని మూడేసి బైట్ల మెసేజ్ వెళ్తుంది. పికో యూఎస్‌బీ ద్వారానే మిడి పంపగలదు, పవర్ కూడా అదే కేబుల్‌లో వస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఫోన్లలోనూ మిడి సపోర్ట్ ఉంది కాబట్టి ఓటీజీ కేబుల్‌తో ఇంట్లో ఫోన్‌కే తగిలించి ప్రాక్టీస్ చేశా.

స్టేజీ మీద పరువు పోయిన రోజు

చవితి రోజు రెండో పాట. వయొలిన్ సౌండ్ పెట్టుకుని, పొడుగాటి నోట్ పట్టుకుని ముందుకి నడిచా. కాలు కేబుల్ మీద పడింది. ప్లగ్ ఊడింది. నోట్ మాత్రం ఆగలేదు!

లాప్‌టాప్‌కి 'నోట్ ఆన్' అందింది. నేను వేలు తీసేటప్పటికి కేబుల్ లేదు, 'నోట్ ఆఫ్' వెళ్లలేదు. దాని లెక్కలో నేనింకా కీ నొక్కే ఉన్నా. ఇలాంటి టైమ్‌కే కీటార్ మీద ఎర్ర ప్యానిక్ బటన్ పెట్టా, అది అన్ని నోట్లూ ఆపేసే కమాండ్ పంపుతుంది. కంగారులో దాన్నే పదిసార్లు నొక్కా. కేబులే లేనప్పుడు ఆ కమాండ్ మాత్రం ఎలా వెళ్తుంది? చివరికి డ్రమ్మర్ పరిగెత్తి లాప్‌టాప్ మూసేశాడు. ముందు వరుసలో మా అమ్మ కూడా చెవులు మూసుకుంది.

తర్వాత మూడు మార్పులు చేశా. యూఎస్‌బీ సాకెట్‌ని బోర్డు మీద వదిలేయకుండా చెక్కకే స్క్రూలతో బిగించా. కేబుల్‌ని బెల్టు చుట్టూ ఒక మెలిక తిప్పి గుచ్చుతున్నా, ఇప్పుడు ఎవరు తొక్కినా గుంజుడు బెల్టు మీదే పడుతుంది. ఫర్మ్‌వేర్‌లో ఒక లైన్ కలిపా: కేబుల్ మళ్లీ తగలగానే 123 నంబర్ కంట్రోల్ మెసేజ్, అంటే 'అన్ని నోట్లూ ఆపు', దానంతటదే వెళ్తుంది. ప్యానిక్ బటన్‌ని లాప్‌టాప్ కీబోర్డు మీద కూడా పెట్టా, డ్రమ్మర్‌కి చూపించా.

మరి చేసుకోవాలా, కొనుక్కోవాలా?

సౌండ్ కోసమే అయితే కొనుక్కోండి. మీ భుజానికి, మీ చేతి కొలతకి సరిపోయేది కావాలంటే చేసుకోండి. మొదలుపెట్టే ముందు అట్టపెట్టెతో అదే సైజులో ఒక మోడల్ కోసి, లోపల 3 కిలోల బియ్యం పెట్టి, మెడలో వేసుకుని అరగంట నిలబడండి. అప్పటికీ ముచ్చట తీరకపోతే టింబర్ డిపోకి వెళ్లొచ్చు.

ఈ చవితికి మళ్లీ అదే పాట వాయిస్తున్నా. ఈసారి కూడా నడుస్తూనే.