వేసవి సెలవులలో గ్రంథాలయం

పిల్లలూ! ఏప్రిల్ నెలాఖరున బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఇంచుమించు యాభై రోజులు! పోచంపల్లిలో చేనేతవారి పిల్లలు ఈ సెలవులలో ఇంటి పనిలో ఓ చెయ్యి వేస్తారు. అమ్మ ఆసు పోస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుడతారు. చింతకింది మల్లేశం గారు 1999లో ఆసుయంత్రం తయారుచేసేదాకా, ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడవలసి వచ్చేది.

మధ్యాహ్నమయ్యేసరికి వీధిలో ఎండ నిప్పులు చెరుగుతుంది. ఆడుకోవటానికి వీలుండదు. ఆ వేళకు గ్రంథాలయాన్ని మించిన చోటు మరొకటి లేదు. సెలవులలో పుస్తకం ముట్టని పిల్లలు బడి తెరిచేసరికి చదువులో తడబడతారని ఉపాధ్యాయులందరూ ఎరుగుదురు. అందుకనే అమెరికాలో కొన్ని గ్రంథాలయాలు 1890ల నుంచే వేసవిలో పిల్లలను పిలిచి చదివించటం మొదలుపెట్టాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడా జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవి శిబిరాలు నడుపుతున్నాయి. పుస్తకాలు చదివించి, చదివిన కథను పదిమందిలో చెప్పిస్తారు. బొమ్మలు వేయిస్తారు, చదరంగం ఆడిస్తారు. ఆటలు మంచివే. కాని పుస్తకాల బీరువాకు తాళం వేసి చదరంగం మాత్రమే ఆడిస్తే, అది గ్రంథాలయ శిబిరం ఎట్లా అవుతుంది?

ఈ పుస్తకాలు మీ చేతికి సులువుగా రాలేదు. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో వున్నది. 2016 దాకా నల్లగొండ జిల్లాలో వుండేది. నిజాం కాలంలో బడిచదువు ఎక్కువగా ఉర్దూలో సాగేది. తెలుగు పుస్తకం దొరకటమే గగనం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. తరువాత పెద్దలు చందాలు పోగుచేసి ఊళ్ళలో గ్రంథాలయాలు పెట్టసాగారు.

నల్లగొండ జిల్లాలోనే 1915లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. ఒక ఉపాధ్యాయుడి ఇంట వంట చేసిపెడుతూ ఆయన చదువు నేర్చుకున్నారు. తరువాత హోటలులో పనిచేశారు. అటువంటి కుర్రవాడు పెద్దవాడై 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల' స్థాపించి, పుస్తకాలు అచ్చువేయించారు. వాటిని తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. కొనేవాళ్ళు వస్తారని దుకాణంలో కూర్చోలేదు!

ఇప్పుడు మీకు ఒక చిన్న లెక్క. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం, ఇంటి పన్ను రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. మీ ఇంటి పన్ను 500 రూపాయలనుకోండి. గ్రంథాలయం వంతు ఎంత? 40 రూపాయలు! అంటే మీ నాన్నగారు మీ పేర చందా ముందే కట్టేశారన్నమాట. కనుక గ్రంథాలయానికి పోవటానికి జంకకండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని గ్రంథపాలకుణ్ణి అడగండి. అడిగేవాళ్ళు లేని గ్రంథాలయంలో పిల్లల బీరువా పాత పుస్తకాలతోనే వుండిపోతుంది. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే కొద్దిగా ధరావతు కట్టాలి. సభ్యత్వం మానుకున్నప్పుడు అది తిరిగి ఇస్తారు. ఈ మాట పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? మీ ఇంట్లో వున్న సంగతితోనే మొదలుపెట్టండి. దారాన్ని ముందుగా కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేసే మన బట్టను ప్రపంచమంతా 'ఇకత్' అంటారు. అది తెలుగు మాట కాదు, మలయ్ భాషది. 'కట్టడం' అని దాని అర్థం. ఇండొనేషియా దీవులలో కూడా మనవాళ్ళలాగే దారానికి కట్లు కట్టి నేసేవాళ్ళున్నారు. ఆ దీవులు ఎక్కడున్నాయో నేను చెప్పను. గ్రంథాలయంలో అట్లాసు వుంటుంది.