ఆదేశం వేరు, స్థితి వేరు

కర్మాగారంలో గానీ నీటి పంపుహౌస్‌లో గానీ ఆపరేటరు ‘స్టార్ట్’ మీట నొక్కగానే మోటారు తిరగడం, చూసేవారికి ఇంట్లో ఫ్యాను స్విచ్ వేసినంత సూటి వ్యవహారంగా కనిపిస్తుంది. అయితే ఆధునిక యంత్రాలలో చాలావాటికి ఆ మీట నుంచి మోటారుకు నేరుగా తీగ ఉండదు. మీట పంపిన సంకేతం పీఎల్‌సీ అనే పారిశ్రామిక కంప్యూటరుకు చేరుతుంది. అది ఆ సంకేతాన్ని ఒక విన్నపంగా మాత్రమే స్వీకరించి, ఆ క్షణంలో దాన్ని మన్నించవచ్చో లేదో తేల్చుకొని, మన్నించదగినదైతే మోటారుకు ఆదేశం పంపి, ఆ ఆదేశం అమలైందో లేదో మరో దారిన విచారించి, ఆ తరువాతే ‘మోటారు నడుస్తోంది’ అని తెరపై ప్రకటిస్తుంది. విన్నపం, ఆదేశం, స్థితి అనే ఈ మూడింటినీ వేరువేరుగా ఉంచడంలోనే నియంత్రణ ప్రోగ్రాము రాసేవారి నేర్పంతా ఉంది.

పీఎల్‌సీ అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. 1960ల చివరి వరకు యంత్రాల నియంత్రణ రిలేలతో జరిగేది. కాయిల్‌లో కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారి, తన కాంటాక్టులను కలిపే లేదా విడదీసే చిన్న సాధనమే రిలే. అమెరికాలో కార్ల మోడల్ మారినప్పుడల్లా రిలేలతో నిండిన ప్యానెళ్లను విప్పి మళ్లీ వైరింగ్ చేయవలసి వచ్చేది. ఆ బెడద వదిలించుకోవడానికి జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం 1968లో రిలేలకు బదులుగా పనిచేసే ఎలక్ట్రానిక్ సాధనం కావాలని కోరింది. అదే ఏడాది జనవరి 1న డిక్ మోర్లీ అనే ఇంజనీరు రాసిన రూపకల్పన పత్రం నుంచి పుట్టిన ‘మోడికాన్ 084’ మరుసటి ఏడాది ఆ విభాగానికి చేరింది. మోర్లీ పనిచేసిన బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌కు అది 84వ ప్రాజెక్టు కావడం వల్లనే ఆ అంకె వచ్చింది. రిలే పటాలకు అలవాటుపడిన ఎలక్ట్రీషియన్లు తడబడకుండా చదువుకోగలగాలని ప్రోగ్రామును కూడా అవే గుర్తులతో, రెండు నిలువు గీతల మధ్య మెట్లుమెట్లుగా గీసే పద్ధతి స్థిరపడింది. దానినే ల్యాడర్ లాజిక్ అంటారు. కంప్యూటరు లోపల రిలే ఏదీ లేకపోయినా అందులో ఈనాటికీ ‘కాయిల్’, ‘కాంటాక్ట్’ అనే మాటలే నడుస్తున్నాయి.

రిలే ప్యానెల్‌కూ పీఎల్‌సీకీ ఉన్న ముఖ్యమైన తేడా స్కాన్. పీఎల్‌సీ మొదట ఇన్‌పుట్‌లన్నిటినీ ఒకసారి చదువుకొని, ప్రోగ్రామును పైనుంచి కిందికి వరుసగా లెక్కించి, చివరన ఫలితాలను అవుట్‌పుట్‌లకు పంపి, మళ్లీ మొదటికి వస్తుంది. ఈ చుట్టు కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఒకే మోటారు అవుట్‌పుట్‌కు ప్రోగ్రాములో రెండు చోట్ల ఆదేశం రాస్తే, పై మెట్టులో ‘నడవు’ అని, కింది మెట్టులో ‘నడవకు’ అని తేలినప్పుడు, చివరగా లెక్కించిన కింది మెట్టు మాటే చెల్లుతుంది. పై మెట్టు తెరపై వెలుగుతూనే ఉంటుంది గాని మోటారు కదలదు. ఎన్నో గంటల వెతుకులాటకు కారణమయ్యే ఈ పొరపాటును ‘డబుల్ కాయిల్’ అంటారు. కొత్తవారు మాత్రమే ఇలా చేస్తారనుకోనక్కరలేదు. పదేళ్లుగా పలువురి చేతులు పడిన ప్రోగ్రాములలో ఇది తరచుగా దాగి ఉంటుంది. ఒక పరికరానికి ఆదేశమిచ్చే మెట్టు ప్రోగ్రాము మొత్తంలో ఒకే ఒక్కటి ఉండాలనీ, మిగిలిన భాగాలన్నీ ఆ మెట్టుకు విన్నపాలు మాత్రమే పంపాలనీ అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

ఆదేశాన్ని నిలిపి ఉంచే పద్ధతులలో అతి పాతది సీల్-ఇన్. స్టార్ట్ మీట నొక్కినప్పుడు కాయిల్‌కు కరెంటు అందుతుంది. కాయిల్ తన సొంత కాంటాక్టు ఒకదానిని స్టార్ట్ మీటకు సమాంతరంగా కలుపుకుంటుంది. ఆ తరువాత మీట వదిలినా మోటారు ఆగదు. స్టాప్ మీట మాత్రం ఎప్పుడూ కలిసి ఉండి, నొక్కినప్పుడు విడిపోయే రకం. స్టాప్ మీట తీగ తెగిపోతే మీట నొక్కినట్టే లెక్క కాబట్టి మోటారు ఆగుతుంది. అందుకు విరుద్ధంగా అమర్చి ఉంటే, తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియక, ఆపవలసిన వేళ మీట పనిచేయదు. సీల్-ఇన్‌కు మరో సుగుణం ఉంది: కరెంటు పోయినప్పుడు కాయిల్ పడిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు తనంతట తాను లేవదు. సెట్-రీసెట్ అనే మరో పద్ధతిలో ‘సెట్’ చేసిన బిట్ (0 లేదా 1 నిలిచే మెమరీ గడి) ఎవరైనా ‘రీసెట్’ చేసేదాకా 1గానే ఉంటుంది. ఆ బిట్‌ను కరెంటు పోయినా చెరగని మెమరీలో పెడితే, సరఫరా రాగానే మనిషి ప్రమేయం లేకుండా యంత్రం కదిలే ప్రమాదం ఉంది.

ఆదేశాన్ని కరెంటు కోత దాటించి బతికించడం ఎంతటి ఫలితాలకు దారితీస్తుందో తెలుగు రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. వేళకాని వేళలో వచ్చే కరెంటు కోసం రాత్రిపూట పొలానికి వెళ్లే బాధ తప్పించుకోవడానికి బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. సరఫరా రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి, ఒక్కొక్కటి తన మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగడంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడేది; మడి నిండినా మోటారు ఆడుతూనే ఉండేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయాలని విద్యుత్ సంస్థలు రైతులను కోరడంలో ఉన్న ఇంజనీరింగ్ కారణం ఇదే. పరిశ్రమలలోనైతే, అన్ని మోటార్లూ తిరిగి నడవవలసిన చోట కూడా, వాటిని ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని సెకన్ల వ్యవధితో లేపే క్రమాన్ని ప్రోగ్రాములో రాస్తారు.

ఆపరేటరు తెరపై ఉండే మీటల కథ ఇంకా సున్నితమైనది. ఆ తెర వేరే కంప్యూటరు. నెట్‌వర్క్ ద్వారా పీఎల్‌సీలోని ఒక బిట్‌ను మారుస్తుంది. నొక్కినప్పుడు 1, వదిలినప్పుడు 0 రాయాలని తెరకే అప్పగిస్తే, ఆ రెంటి మధ్య నెట్‌వర్క్ తెగితే 1 అలాగే ఉండిపోతుంది. పంపు ఆగిన ప్రతిసారీ ఆ మిగిలిపోయిన 1 దానిని మళ్లీ లేపుతుంది. అందువల్ల తెర 1 రాయడంతో ఊరుకోవాలి; ఆ విన్నపాన్ని అందుకున్న పీఎల్‌సీ, మన్నించినా తిరస్కరించినా, దానిని వెంటనే తానే 0 చేయాలి. తిరస్కరించిన విన్నపాన్ని ‘తరువాత చూద్దాం’ అని దాచిపెట్టడం మరీ ప్రమాదకరం. ట్యాంకులో నీళ్లు లేనందువల్ల పదింటికి లేవని పంపు, నీళ్లు చేరిన పన్నెండింటికి దానంతటదే లేస్తే దగ్గర పనిచేస్తున్న మనిషి గతి ఏమిటి?

విన్నపాన్ని మన్నించడానికి ముందు చూసే షరతులను పర్మిసివ్‌లు అంటారు. నడుస్తున్న యంత్రాన్ని కూడా ఆపించే షరతులను ఇంటర్‌లాక్‌లు అంటారు. పంపు లేవడానికి సక్షన్ వాల్వు తెరిచి ఉండాలనడం పర్మిసివ్. బేరింగు వేడి హద్దు దాటితే మోటారు ట్రిప్ కావాలనడం ఇంటర్‌లాక్. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే, లేచే ముందు మాత్రమే అవసరమైన షరతు నడిమధ్యలో ఒక్క క్షణం తప్పినందుకు మొత్తం ప్లాంటు ఆగిపోతుంది. కొన్ని ఇంటర్‌లాక్‌లను ప్రోగ్రాముకే వదిలేయరు: మోటారును మొదట స్టార్ కలయికలో లేపి తరువాత డెల్టా కలయికకు మార్చే స్టార్-డెల్టా స్టార్టరులో స్టార్ కాంటాక్టరు పూర్తిగా విడిపోకముందే డెల్టా కాంటాక్టరు కలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది కాబట్టి, ప్రోగ్రాములో చిన్న విరామం ఇవ్వడంతో పాటు, ఒకటి కలిసి ఉండగా రెండోది కలవకుండా తీగలలోనూ అడ్డు పెడతారు.

ఇంత జాగ్రత్తతో ఆదేశం వెళ్లినా పని జరిగినట్టు కాదు. వాల్వు తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు, మధ్యలో ఇరుక్కోవచ్చు. అందుకే వాల్వుకు రెండు కొసలలో లిమిట్ స్విచ్‌లు ఉంటాయి: ఒకటి పూర్తిగా తెరుచుకుందని, రెండోది పూర్తిగా మూసుకుందని చెబుతుంది. రెండూ మౌనంగా ఉంటే వాల్వు దారిలో ఉంది. రెండూ ఒకేసారి అవునంటే స్విచ్‌లో గానీ తీగలో గానీ లోపం ఉంది. ఆదేశం ఇచ్చిన క్షణం నుంచి ఒక టైమర్ నడిపి, వాల్వుకు మామూలుగా పట్టే సమయం కన్నా కాస్త ఎక్కువ గడువిచ్చి, అప్పటికీ కబురు రాకపోతే ‘తెరుచుకోలేదు’ అని అలారం మోగిస్తారు.

ఆదేశాన్నే స్థితిగా చూపితే ఏమవుతుందో 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో బయటపడింది. తెల్లవారుజామున రియాక్టరు వ్యవస్థలో ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న ఒక రిలీఫ్ వాల్వు, ఒత్తిడి తగ్గాక మూసుకోవలసింది, ఇరుక్కుపోయి తెరిచే ఉండిపోయింది. కంట్రోల్ రూములోని దీపం మాత్రం ఆ వాల్వును తెరిచే సోలెనాయిడ్‌కు కరెంటు ఉందా లేదా అన్నదే చూపేది. కరెంటు తీసేయగానే దీపం ఆరింది, ఆపరేటర్లు వాల్వు మూసుకుందని నమ్మారు. అదే దారిలో ఉన్న మరో వాల్వును మూసేసరికి రెండు గంటలకు పైగా గడిచింది. ఆ లోపు చల్లార్చే నీరు వెళ్లిపోతూనే ఉంది, చివరకు రియాక్టరు కోర్‌లో సుమారు సగం కరిగిపోయింది. ఆ ప్రమాదానికి శిక్షణ లోపాల వంటి కారణాలు ఇంకా ఉన్నాయి గాని, ఆ ఒక్క దీపం వాల్వు వద్ద నిజంగా ఉన్న స్థితిని చూపి ఉంటే ఆపరేటర్ల ఆలోచన వేరే దారిన సాగేదనడంలో సందేహం లేదు.

ఒక్క వాల్వుకే ఇంత ఉంటే, పదుల కొద్దీ పరికరాలు కలిసి పనిచేసే యంత్రానికి ‘ఆన్’, ‘ఆఫ్’ అనే రెండు స్థితులు ఎంతమాత్రం చాలవు. యంత్రం ఏ క్షణాన ఏ దశలో ఉంది, ఏ షరతు నెరవేరితే తరువాతి దశకు వెళుతుంది అని దశల పటంగా గీసే గ్రాఫ్‌సెట్ పద్ధతి 1977లో ఫ్రాన్స్‌లో రూపొందింది. 1993లో వెలువడిన ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణం దాని వారసత్వాన్ని పీఎల్‌సీ ప్రోగ్రాముల రచనలోకి తెచ్చింది. ప్యాకింగ్ యంత్రాల కోసం వచ్చిన ప్యాక్ఎమ్ఎల్ నమూనాలో 17 స్థితులున్నాయి. వాటిలో ‘ఆగి ఉంది’ వేరు, ‘ఆగుతోంది’ వేరు. ఈ ‘-తోంది’ స్థితులే ఆ నమూనాకు ప్రాణం: ఆదేశం అందాక, అది నెరవేరేలోపు జరిగేదంతా వాటిలోనే ఉంటుంది. హోల్డ్, స్టాప్, అబార్ట్ అనే మూడు ఆదేశాలూ యంత్రాన్ని ఆపేవే అయినా, హోల్డ్ తరువాత ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు, స్టాప్ తరువాత మొదటి నుంచి రావాలి, అబార్ట్ తరువాత లోపాన్ని తొలగించినట్టు ధ్రువీకరించాకే ముందుకు కదలాలి.

అత్యవసర స్టాప్ ఈ విన్నపాల వరుసలో నిలబడదు. ఆ ఎర్ర పుట్టగొడుగు మీటను మామూలు ప్రోగ్రాము దయకు వదలకుండా, భద్రతా రిలే ద్వారా గానీ అందుకే ప్రత్యేకంగా తయారైన సేఫ్టీ పీఎల్‌సీ ద్వారా గానీ నేరుగా శక్తి సరఫరాకు ముడిపెడతారు. అది రెండు రకాలుగా ఆపవచ్చు: వెంటనే శక్తిని తీసేయడం ఒకటి, బరువైన చక్రం వంటి వాటిని అదుపులో ఉంచుతూ నెమ్మదింపజేసి ఆ తరువాత శక్తిని తీసేయడం మరొకటి. మీటను తిప్పి పైకి లాగినంత మాత్రాన యంత్రం కదలకూడదని ఐఎస్ఓ 13850 ప్రమాణం నిర్దేశిస్తుంది. అప్పటికి ప్రోగ్రాములో మిగిలి ఉన్న పాత ఆదేశాలన్నీ చెరిగిపోయి ఉండాలి. మీట పైకి వచ్చాక అలారం రీసెట్ చేసి, పర్మిసివ్‌లు సరిచూసుకొని, ఆపరేటరు మళ్లీ ‘స్టార్ట్’ అడగాలి.