బస్తరు గ్రామములలో వికలాంగుల సౌకర్య సంఘము

ఆరోగ్య కేంద్రమున వైద్యుడు కలడు, మందులు కలవు. కాని వాకిట మూడు మెట్లున్నచో, నడవలేని రోగికి ఆ మూడు మెట్లే ముప్పది ఆమడలు.

2011 జనాభా లెక్కల ప్రకారము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున వికలాంగులు ఆరు లక్షలకు పైగా కలరు. బస్తరు దక్షిణ భాగమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు మాటలాడువారు, గోండీ, దోర్లీ, హల్బీ భాషలవారితో కలిసి ఒకే సంతకు, ఒకే ఆసుపత్రికి పోవుచుందురు. వానకాలమున ఆ బాటలు ఆరోగ్యవంతులకే కష్టము. ఇట్టిచోట ఒక్కని అర్జీ చాలదు, సంఘము కావలెను.

తెలుగువారికి ఇది క్రొత్త గాదు. 2000 తరువాత ఆంధ్రప్రదేశమున ‘వెలుగు’ పథకము క్రింద వికలాంగులు గ్రామములలో చిన్న సంఘములుగా ఏర్పడి, మండల సమాఖ్యలుగా కూడిరి.

మొదట పదిమంది చాలును. నడవలేనివారు, చూపు లేనివారు, వినికిడి లేనివారు, బుద్ధిమాంద్యము గల పిల్లల తల్లులు అందుండవలెను. వికలాంగులను మూలన కూర్చుండబెట్టి ఇతరులే మాటలాడు సంఘములును లేకపోలేదు. వానివలన ప్రయోజనము స్వల్పము. సమావేశపు కబురు కాగితముపై వ్రాసిన చాలదు, సంతలో ఆయా భాషలయందు నోటితోను చెప్పవలెను.

తొలి పని నడక. ఊరినుండి ఆరోగ్య కేంద్రమువరకు చక్రాల కుర్చీతోను, చేతికర్రతోను సంఘమంతయు పోయి, ఎచ్చట ఆగవలసివచ్చెనో వ్రాసికొనవలెను. కొలతబద్ద వెంట నుండవలెను. వాలుదారికి అడుగు ఎత్తునకు పన్నెండడుగుల నిడివి కావలెను. అనగా అడుగున్నర అరుగునకు 18 అడుగులు. ఆరడుగులు కట్టి పని ముగిసినదనిన, అట్టి వాలు జారుటకే గాని ఎక్కుటకు పనికిరాదు. ఇరుప్రక్కల పట్టుకొనుటకు కమ్మీలుండవలెను. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పుండవలెను. మరుగుదొడ్డి తలుపును కొలుచుట మరువరాదు. పేరు పిలిచి రోగులను లోనికి పంపుచోట, వినలేనివాడు ప్రొద్దుగ్రుంకువరకు కూర్చుండును. చీటీపై సంఖ్య వ్రాసి చూపుటకు ఖర్చేమియు లేదు.

అర్జీకి బలము చట్టమునుండి వచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, అంతకుముందే కట్టిన ప్రజోపయోగ భవనములను, నియమములు వెలువడిన ఐదేండ్లలో అందరికి అందుబాటులోనికి తేవలెనని విధించినది. నియమములు 2017 జూన్ నెలలో వెలువడినవి. అనగా గడువు 2022లోనే ముగిసినది. ఆ నియమములలో ఒకటి కేవలము సలహావలె నున్నదని, తప్పనిసరి ప్రమాణములు కావలెనని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో న్యాయస్థానమునకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వికలాంగ అధ్యయన కేంద్రము.

కొలతలు, స్థలము, తేదీ వ్రాసిన అర్జీని కలెక్టరునకు, చట్టము చెప్పిన జిల్లాస్థాయి కమిటీకి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనవలెను. అచట పని జరుగనిచో రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు వ్రాయవచ్చును. మూడు నెలల పిమ్మట అదే త్రోవను, అదే కుర్చీతో మరల పోయి, మొదటి కాగితముతో పోల్చి చూచుకొనవలెను.