గోల్కొండ వ్రాతప్రతుల అలంకరణ

గోల్కొండ వ్రాతప్రతుల అలంకరణ కుతుబ్ షాహీల కాలంలో (1518–1687) గోల్కొండ, హైదరాబాదులలో వర్ధిల్లిన గ్రంథచిత్రణ కళ. పారశీక, దక్కనీ గ్రంథాలను బంగారముతోను, రంగులతోను అలంకరించుట దీని ప్రధాన లక్షణం. అప్పటికి తెలుగునాట ముఖ్యమైన వ్రాతసాధనం తాటియాకు. ఆకుపై ఘంటముతో గీసి, ఆ గీతలలో మసి పూసేవారు. ఇరుకైన ఆ ఆకుపై బంగారు పూతకు, దట్టమైన రంగులకు అంతగా వీలు లేదు. కావున ఈ కళ కాగితముపైనే ఆధారపడినది.

కాగితము, వ్రాత

చేతితో చేసిన కాగితానికి గంజి పట్టించి, ఆరిన పిదప నున్నని అకీకు రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. లేనిచో సిరా అలుక్కుపోయేది. వరుసగా దారాలు బిగించిన 'మిస్తర్' అనే అట్టపై కాగితాన్ని ఉంచి వేలితో నొక్కితే పంక్తుల గుర్తులు పడేవి. లేఖకుడు దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాతో, రెల్లు కలముతో వ్రాసి బొమ్మలకు చోటు విడిచేవాడు. అలంకారకుని పని, చిత్రకారుని పని ఆ తరువాతనే మొదలయ్యేవి.

బంగారము, రంగులు

బంగారు రేకులను జిగురుతో మెత్తగా నూరి, నీటితో కడిగి, అడుగున చేరిన పొడిని మరల పలుచని జిగురు నీటిలో కలిపి కుంచెతో పూసేవారు. పూసినప్పుడు అది మసకగానే ఉండును. అకీకుతో రుద్దిన తరువాతనే మెరయును. ఎరుపునకు ఇంగిలీకము, పసుపుపచ్చకు హరిదళము, తెలుపునకు సీసపు సఫేదా, నీలమునకు నీలిమందు లేదా బదక్షాన్ గనుల లాజవర్దు వాడేవారు. సన్నని గీతలకు ఉడుత వెంట్రుకల కుంచెలు ఉండేవి. పాదరసము, సీసము, పాషాణము కలిసిన ఈ రంగులలో పలుకొన్ని విషపదార్థాలే.

చిలుము సమస్య

ఆకుపచ్చ రంగు కొరకు రాగిరేకులకు పులిసిన ద్రవముల ఆవిరి తగిలించి చిలుము పట్టించేవారు. దీనినే పారశీకంలో జంగార్ అంటారు. చూచుటకు సొగసైనదే గాని, కాగితానికి ఇదే శత్రువు. రాగి ప్రభావం వలన కాగితం గోధుమ రంగుకు తిరిగి, పెళుసై విరిగిపోవును. పుట చుట్టూ గీసే చట్రపు గీతలలో ఈ రంగు వాడినచోట, గీత వెంబడి కాగితం తెగి, మధ్యనున్న వ్రాత భాగమంతా ఊడివచ్చును. తేమ తగిలితే నష్టం మరింత త్వరపడును. అందుచేత ఇటువంటి పుటలను సాధారణ రీతిలో నీటితో శుద్ధి చేయుట ప్రమాదకరం. చిలుములో కుంకుమపువ్వు కలపవలెనని పారశీక చిత్రకళా గ్రంథాలు కొన్ని సూచించినవి. ఇది కేవలం వర్ణశోభకు చెప్పిన మాట కాదు. కుంకుమపువ్వు కాగితాన్ని కొంతవరకు కాపాడునని ఆధునిక ప్రయోగాలలో తేలినది.

లభ్యమైన ప్రతులు

1572లో గోల్కొండలో తయారైన 'జఖీరా-ఎ-ఖ్వారజ్మ్‌షాహీ' అనే వైద్యగ్రంథపు ప్రతి ఐర్లాండులోని డబ్లిన్ నగరంలో చెస్టర్ బీటీ గ్రంథాలయమునందు కలదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితల అలంకృత ప్రతి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించుటతో ఈ కళకు రాజాదరణ తొలగినది.