నీటికి హాజరు పిలిచే కడ్డీ

పిల్లలూ! మన నల్లమాడ వైపు నీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. పాత అనంతపురం జిల్లాలో సాలీనా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. బావులు ఎండితే లోతుగా బోర్లు వేస్తాం. ఆ లోతున నీరు చాలాకాలం రాళ్లను అంటిపెట్టుకుని ఉండటం మూలాన, వాటిలోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది.

ఆ నీరు అద్దంలా తేటగా ఉంటుంది. రుచిలో తేడా తెలియదు. కాని చిన్నతనం నుంచీ తాగితే పళ్లమీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్లు గడిస్తే కీళ్లు, ఎముకలు బిగుసుకుంటాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు.

నేను హెడ్మాస్టరుగా ఉండగా ఒక కుర్రవాడు వాళ్ల వీధి బోరు నీళ్లు సీసాలో తెచ్చాడు. ఒకచోట పరీక్ష చేయిస్తే "1 మిల్లీగ్రాము, మంచి నీళ్లే" అని చీటీ ఇచ్చారు. వాడి చెల్లెలి పళ్లు చూసి నాకు అనుమానం కలిగింది. మరోచోటికి పంపితే 2 అని తేలింది. ఒకే నీటికి రెండు లెక్కలా?

ఈ పరీక్షకు వాడే సాధనం ఎలక్ట్రోడు అనే కడ్డీ. దీన్ని 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దాని కొసన లాంథనం ఫ్లోరైడు స్ఫటికపు బిళ్ల ఉంటుంది. ఆ స్ఫటికంలో ఫ్లోరైడు అయానులు మాత్రమే చోటు మారుతూ కదలగలవు. పక్కనే మరో తోడు కడ్డీని ముంచి, రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. ఫ్లోరైడు పదిరెట్లయితే, 25 డిగ్రీల వేడిమి వద్ద, ఆ వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి.

కొత్త కడ్డీ చురుకైన మాస్టరులాంటిది. నిమిషంలో హాజరు తీసేస్తుంది. వాడగా వాడగా బిళ్లమీద పొర పడుతుంది, గీతలు పడతాయి. తోడు కడ్డీ కొస పూడుకుపోతుంది. అప్పుడు జవాబు ఆలస్యమవుతుంది. 59 రావలసినచోట 45 వస్తుంది. 0.1 మిల్లీగ్రాము ద్రావణంతో ఒక్కసారి సరిచూసి, పాత 59నే నమ్మితే, 2 ఉన్న నీరు దాదాపు 1గా కనిపిస్తుంది. మా మొదటి చీటీలో జరిగింది అదే! కడ్డీ అబద్ధమాడలేదు, అది ముసలిదైందన్న సంగతి ఎవరూ చూడలేదు.

మరో చిక్కు ఉంది. నీటిలో కరిగిన ఇనుము, అల్యూమినియం ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటాయి. కడ్డీకి విడిగా తిరిగే ఫ్లోరైడే కనిపిస్తుంది. పెద్దవాళ్ల ఒళ్లో దాగిన పిల్లవాడికి హాజరు పడుతుందా? అందుకే పరీక్షకు ముందు, ఆ పట్టు విడిపించే సిట్రేటు వంటి మందు కలుపుతారు.

పొర పడిన బిళ్లను దేనితో తోముతారో తెలుసా? ఫ్లోరైడు ఉన్న టూత్‌పేస్టుతో! ఆ తరువాత బాగా కడిగి, తెలిసిన రెండు మూడు ద్రావణాలతో మళ్లీ సరిచూస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. చీటీ తెచ్చుకున్నప్పుడు అంకె ఒక్కటే చూడకండి. "కడ్డీని ఎప్పుడు సరిచూశారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.