గ్లిచ్ అంటే ఏంటి? ఎర్రర్, బగ్, క్రాష్‌లకి దీనికి తేడా ఇదే!

యాప్ ఓపెన్ కాలేదు.. టెక్నికల్ గ్లిచ్. హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవ్వలేదు.. టెక్నికల్ గ్లిచ్. మన ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, అవతలి వాళ్లకి చేరలేదు.. అదీ టెక్నికల్ గ్లిచ్చే! ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. ఇంతకీ గ్లిచ్ అంటే ఏంటి? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

గ్లిచ్ అంటే చిన్నపాటి, తాత్కాలిక లోపం. బాగా పని చేస్తున్న మెషీన్ లేదా యాప్ ఉన్నట్టుండి కాసేపు తడబడి, మళ్లీ దారిలో పడితే అది గ్లిచ్. తెలుగు వార్తల్లో దీన్ని 'సాంకేతిక లోపం' అని రాస్తుంటారు. కానీ లోపం చిన్నదా, పెద్దదా అనేది ఆ మాటలో తెలియదు. ఇంగ్లీష్ మాటలో మాత్రం 'చిన్నదే' అనే అర్థం ఇమిడి ఉంటుంది.

ఎక్కడి నుంచి వచ్చింది?

తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో 'జారడం' అనే అర్థమున్న మాట నుంచి ఇది వచ్చిందని చెబుతారు. 1940ల్లో అమెరికా రేడియోల్లో అనౌన్సర్లు నోరు జారితే గ్లిచ్ అనేవారు. తర్వాత టీవీ ఇంజినీర్లు కూడా వాడారు. 1962లో భూమి చుట్టూ తిరిగొచ్చిన అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్, కరెంట్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఒక్కసారిగా మారడాన్ని గ్లిచ్ అంటామని అదే ఏడాది వచ్చిన పుస్తకంలో వివరించారు. అక్కడి నుంచి ఈ మాట జనంలోకి వెళ్లింది.

తేడా ఏంటంటే..

ఎర్రర్: తప్పు. పాస్‌వర్డ్ తప్పు కొడితే వచ్చేది ఎర్రర్ మెసేజ్, గ్లిచ్ కాదు.

బగ్: సాఫ్ట్‌వేర్ కోడ్‌లోనే ఉన్న తప్పు. సరిచేసేదాకా పోదు.

స్నాగ్: పని మధ్యలో వచ్చే అడ్డంకి. విమానం ఆగిపోతే 'టెక్నికల్ స్నాగ్' అంటారు.

క్రాష్: మొత్తానికే పని ఆగిపోవడం.

'దేర్ వాజ్ ఎ గ్లిచ్ ఇన్ ది యాప్' అంటే యాప్‌లో చిన్న లోపం వచ్చిందని. మాటిమాటికీ తడబడే యాప్‌ని 'గ్లిచీ' అంటారు.

పెద్ద సమస్యకి చిన్న పేరు

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఇచ్చిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. విమానాలు రద్దయ్యాయి. హైదరాబాద్‌లోనూ బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. దీన్ని కూడా చాలామంది గ్లిచ్ అనేశారు. అలా అంటే సమస్య చిన్నదైపోదు. కాకపోతే బాధ్యత ఎవరిదనే ప్రశ్న పక్కకి పోతుంది.

డబ్బుల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 'గ్లిచ్ అండి, వచ్చేస్తాయి' అంటే ఊరుకోవద్దు. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ దీనికి గడువులు పెట్టింది. యూపీఐలో మన ఖాతా నుంచి కట్ అయిన డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. షాపులో కట్టిన డబ్బుకి కన్ఫర్మేషన్ రాకపోయినా, ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కట్ అయినా గడువు 5 రోజులు. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కస్టమర్ ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా బ్యాంకే ఇవ్వాలన్నది రూల్.

కాబట్టి ట్రాన్సాక్షన్ నంబర్, తేదీ దాచుకోండి. కాసేపట్లో సర్దుకుంటే అది గ్లిచ్. గడువు దాటినా డబ్బు రాకపోతే.. ఆ మాట విని సర్దుకుపోవాల్సిన పని లేదు.